ఆరు వందల ఎనభై ఏడు ఊయలలు

ఆఫీసులో ఆ అమ్మాయిని అందరూ జల్లెడ అంటారు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది కానీ, దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. జల్లెడ అన్న పేరు ఊరికే రాలేదు. ప్రపంచం నలుమూలల నుంచీ పిల్లలు పంపిన జవాబుల్ని జల్లించి, పొట్టూ పొల్లూ తీసేసి, పనికొచ్చేవాటిని లెక్కగట్టే ప్రోగ్రాము రాసింది తనే. ఇరవై ఆరేళ్ళకే తన పని నూట నలభై దేశాల ప్రతినిధుల బల్లల మీదికి ఎక్కిందంటే, పాదాలు నేల మీద ఆనకపోవడంలో వింతేముంది.

ఆ ప్రతినిధులంతా ఒక పెద్ద భవనంలో చేరి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మిగతా పిల్లలతో కలిసి ఒకే బడిలో చదువుకోవడానికి మార్గదర్శకాలు రాసుకుంటున్నారు. నాలుగేళ్ళుగా రాస్తూనే ఉన్నారు. ఈ వారం ఐదు రోజుల సమావేశంలో ఒక్కో పేరానీ చదివి, ఒప్పుకుని, బల్ల మీద సుత్తి కొట్టి ముగించాలి. ఈసారి ఎవరికి పుట్టిందో కానీ ఒక మంచి బుద్ధి పుట్టింది: పిల్లల్నే అడుగుదాం అనుకున్నారు. "మీ బడిలో ఏం మారాలి?" అని ఒకటే ప్రశ్న. రాయగలిగినవాళ్ళు రాశారు, చెప్పగలిగినవాళ్ళు చెప్పారు, మాట రానివాళ్ళు బొమ్మలు నొక్కారు. పిల్లలు ఎక్కువగా అడిగిన మొదటి మూడు విషయాలకీ మార్గదర్శకాల్లో జవాబు ఉండి తీరాలని మొదటి రోజే తీర్మానం కూడా చేశారు.

ఇవాళ ఐదో రోజు. జల్లెడ పొద్దున్నే చెల్లిని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. చెల్లి బడిలో నీళ్ళ పైపు పగిలి తరగతులకు సెలవిచ్చారు. అమ్మ బస్సు నడుపుతుంది, పొద్దుటి డ్యూటీ. ఇంకెవరున్నారు?

చెల్లికి పదకొండేళ్ళు. నడవడానికి చక్రాల వాకర్ ఉంది, మాట్లాడటానికి పలక ఉంది. పలక అంటే ట్యాబే, ఇంట్లో అలా అలవాటైంది. దాని నిండా బొమ్మలు. ఏ బొమ్మ నొక్కితే ఆ మాట వార్తలు చదివే ఆడగొంతుతో బయటికొస్తుంది. చేతి వేళ్ళు తను చెప్పిన చోటికి వెంటనే వెళ్ళవు, కాబట్టి ఒక్కో మాటకీ టైం పడుతుంది. అందుకని చెల్లి అనవసరంగా మాట్లాడదు, అవసరమైన చోట వదిలిపెట్టదు. పలకలో 'అక్క' బొమ్మ ఉన్నా ఎప్పుడూ వాడదు. దాని బదులు కోతి బొమ్మ నొక్కుతుంది. ఇంట్లో అమ్మ తనని మహారాణి అంటుంది కాబట్టి ఆ మాత్రం అధికారం ఉందనే లెక్క.

నాలుగో అంతస్తులో తన బల్ల దగ్గర చెల్లిని కూర్చోబెట్టి, జల్లెడ రంగుల పుస్తకం ఒకటి చేతికిచ్చింది. పిల్లల జవాబుల సారాంశం అది, పిల్లలకి అర్థమయ్యేలా బొమ్మలతో వేసింది.

"చూడు, ఇది నేను చేసిందే. ఒకటి, బడికి వెళ్ళే బస్సు. రెండు, మమ్మల్ని అర్థం చేసుకునే టీచర్లు. మూడు, పెద్ద అక్షరాల పుస్తకాలు. చివర్లో చిన్న అక్షరాల్లో నా పేరు కూడా ఉంటుంది, వెతుక్కో."

చెల్లి అక్క పేరు వెతకలేదు. ఇరవై నాలుగు పేజీలూ ఒక్కొక్కటే తిప్పింది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి తిప్పింది. తర్వాత పలక దగ్గరికి లాక్కుంది.

"కోతి," అంది పలక. కాసేపాగి, "నాది. ఎక్కడ."

"ఏది నీది?"

"ఊయల."

జల్లెడ నవ్వింది. "ఓ, నువ్వు పంపిన జవాబా? తొమ్మిది వేల జవాబులొచ్చాయే తల్లీ. అన్నీ పుస్తకంలో వెయ్యరు. లెక్కలో ఉంటుందిలే, ఆగు చూపిస్తా."

లెక్కలో వెతికింది. లేదు. ఇంటి కంప్యూటరు నుంచి పంపిన తేదీ పెట్టి వెతికింది. లేదు. అప్పుడు కానీ, ప్రోగ్రాము తీసి పక్కన పడేసిన జవాబుల గుట్ట ఒకటుందని గుర్తురాలేదు. ఆ గుట్టని తను ఇంతవరకూ తెరిచి చూడలేదు. చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఎవరు చూస్తారు?

తెరిచింది. చెల్లిది అందులోనే ఉంది. ఊయల, కిటికీ. రెండు బొమ్మలు.

దాని కింద ఇంకోటి. ఊయల, కిటికీ. దాని కింద కూడా అదే. జల్లెడ కిందికి జరుపుతూ పోయింది. ఊయల కిటికీ, ఊయల కిటికీ, మధ్యలో ఎవరో కిటికీ ఊయల, మళ్ళీ ఊయల కిటికీ. వేలు నొప్పి పుట్టేదాకా జరిపింది. జాబితా అవలేదు.

ఎందుకిలా అయ్యిందో దానికి తెలుసు. ప్రోగ్రాము పరీక్షించడానికి మొదట ఇంట్లో చెల్లి చేతే నొక్కించింది. మహారాణి ఆ రోజు సరదాకి ఒకే బొమ్మ పద్నాలుగు సార్లు నొక్కి, అక్క లెక్కలన్నీ తారుమారవుతుంటే పడీపడీ నవ్వింది. జల్లెడ ఒళ్ళు మండి అప్పటికప్పుడు రెండు నియమాలు రాసింది. మూడు బొమ్మల కన్నా తక్కువుంటే అసంపూర్తి, తీసెయ్. అవే బొమ్మలు మళ్ళీ మళ్ళీ వస్తే ఎవరో ఆడుకుంటున్నారు, తీసెయ్. రాసి, టీ తాగి, ఆ సంగతి మర్చిపోయింది.

ఇప్పుడు లెక్కబెట్టింది. ఆరు వందల ఎనభై ఏడు. నలభై మూడు దేశాల నుంచి.

మూడో స్థానంలో ఉన్న పెద్ద అక్షరాల పుస్తకాలకి వచ్చినవి ఐదు వందల తొంభై.

జల్లెడ కుర్చీలోంచి లేచింది, మళ్ళీ కూర్చుంది. భయమూ ఉత్సాహమూ ఒకేసారి వస్తే ముందు దేనికి సమాధానం చెప్పాలో తెలియని స్థితి. తప్పు చేశానన్నది నిజమే. కానీ ఇంత పెద్ద సంగతి ఎవరి కంటా పడకుండా గుట్టలో ఉంది, అది తన కంట పడింది.

"ఇంతమందికి ఊయల కావాలా? సరే, అర్థమైంది. ఈ కిటికీ ఏంటి? బడికి కిటికీలు పెద్దవి కావాలనా?"

చెల్లి దాన్ని తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత పలక మీద వేలు కదిలించడం మొదలుపెట్టింది. జల్లెడ గోడ మీద టీవీ వైపు చూసింది. కింద హాల్లో ఏ పేరా నడుస్తోందో అందులో కనబడుతుంది. ఇరవై ఎనిమిది.

"ఆట. గంట," అంది పలక. చాలాసేపు నిశ్శబ్దం. "అందరూ. బయట." మళ్ళీ నిశ్శబ్దం. "నేను. గది. టీచర్." చెల్లి వేలు ఒకసారి జారి గొడుగు మీద పడింది, "గొడుగు" అంది పలక, చెల్లి దాన్ని చెరిపేసింది. "కిటికీ."

రోజూ అరగంట ప్రత్యేక బోధన. దానికోసం అమ్మా తనూ బడి చుట్టూ ఏడాది పాటు తిరిగారు. వచ్చిన రోజు అమ్మ తన బస్సు ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఆ ఫారం నింపింది జల్లెడే. 'ఏ సమయంలో?' అన్న ప్రశ్న కింద, 'పాఠాలకు నష్టం లేకుండా' అన్న గడిలో గర్వంగా టిక్కు పెట్టింది. పాఠాలు జరగనిది ఇంకెప్పుడు? ఆట గంటలో. మూడేళ్ళ నుంచి ఈ పిల్ల ఆట గంటంతా గదిలో కూర్చుని కిటికీలోంచి ఊయల చూస్తోంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"అడగలేదు," అంది పలక. ఆ మాట ఒక్క బొమ్మతోనే వచ్చేస్తుంది, టైం పట్టలేదు.

"అంత ఇష్టమా ఊయలంటే?"

చెల్లి కాసేపు ఆలోచించి, "అందరి. కాళ్ళు. గాలిలో," అంది.

జల్లెడ మార్గదర్శకాల ముసాయిదా తెరిచి గబగబా వెతికింది. పేరా ముప్పై ఒకటి. 'పిల్లలకు అవసరమైన అదనపు బోధననూ, చికిత్సనూ తరగతి పాఠాలకు అంతరాయం కలగని వేళల్లో అందించాలి.' ఎవరో చాలా మంచి మనసుతో రాసిన వాక్యం. తను టిక్కు పెట్టిన గడి లాంటిదే. దాని మీద సుత్తి పడితే అదే గడి అన్ని దేశాల ఫారాల మీదికీ ఎక్కుతుంది.

టీవీలో అంకె మారింది. ఇరవై తొమ్మిది.

"పద," అంది జల్లెడ.

ముసాయిదా మేడం గది నడవా చివర ఉంది. ఈ నాలుగేళ్ళలో మార్గదర్శకాల ప్రతి కామా ఆవిడ చేతి మీదుగానే వెళ్ళింది. కళ్ళజోడు జుట్టులో గుచ్చుకుని, బల్ల మీదంతా అదే కళ్ళజోడు కోసం తడుముకుంటూ ఉంటుంది. జల్లెడ ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. వాకర్ చప్పుడు చేసుకుంటూ వెనకాలే చెల్లి వచ్చింది.

మేడం కళ్ళజోడు దొరకపుచ్చుకుని గుట్టనంతా చూసింది. చివరికి, "కొత్త ప్రతిపాదనలకి నిన్న సాయంత్రం ఐదుకే తలుపు మూసేశాం కదమ్మా," అంది.

"తెలుసు మేడం. కానీ ఇది..."

"నా మాట విను. ఇప్పుడు దేవుడు దిగొచ్చి కొత్త పేరా ఇచ్చినా నేను తీసుకోలేను. కానీ ఆఫీసు చేసిన తప్పుని దిద్దుకోవడానికి ఆఖరి సుత్తి పడేదాకా టైం ఉంది. దిద్దుబాటు పత్రం వెయ్యొచ్చు. గులాబీ రంగు కాగితం మీద. అది కనబడిందంటే హాల్లో ప్రతివాళ్ళూ ఆగి చదవాల్సిందే, పాత పద్ధతి."

"అయితే వేసేద్దాం."

"వేసేద్దాం అంటే అయిపోదు. తప్పు ఏమిటో, ఎవరు చేశారో, ఎలా దిద్దారో రాయాలి. చేసినవాళ్ళ సంతకం ఉండాలి." మేడం కళ్ళజోడు మళ్ళీ జుట్టులోకి తోసింది. "నీ ఉద్యోగం ఈ నెలాఖరుదాకానే కదా. పొడిగించమని నేను రాసిన ఉత్తరం పైవాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళు సోమవారం చూస్తారు. దాని పక్కనే ఈ గులాబీ కాగితం కూడా ఉంటుంది. ఆలోచించుకో."

ఈ ఉద్యోగం అంటే జల్లెడకి పిచ్చి. ఈ భవనంలో లిఫ్టు చప్పుడు కూడా ఇష్టమే.

"కోతి," అంది పలక వెనక నుంచి. "తొందర."

మేడం ఆ గొంతు వైపు తిరిగింది. "కోతి ఎవరు?"

"నేనే మేడం."

"బావుంది. కూర్చో, రాయి. అరపేజీ దాటకూడదు. ఆ ప్రింటింగాయన గులాబీ కాగితం బంగారంలా దాచుకుంటాడు."

జల్లెడ రాసింది. మొదటిసారి రాసినప్పుడు పేజీన్నర వచ్చింది, అందులో పేజీ అంతా సంజాయిషీయే. మేడం సంజాయిషీ మొత్తాన్నీ ఒక్క గీతతో కొట్టేసింది. "ఎందుకు చేశావో ఎవడిక్కావాలి? ఏం పోయిందో చెప్పు." రెండోసారి, ఊయల పక్కన కిటికీ ఎందుకో చెల్లి చెప్పిందీ కలుపుకుని, ఎనిమిది వాక్యాలు మిగిలాయి. 'రెండు బొమ్మలతో వచ్చిన జవాబులను అసంపూర్తి అనుకుని ప్రోగ్రాము రాసిన వ్యక్తి తొలగించింది' అన్న వాక్యం చదువుకుంటే సొంత చెంప మీద కొట్టుకున్నట్టే ఉంది. అయినా సంతకం పెట్టేసింది. నిజం చెప్పాలంటే ఈ కాగితం హాల్లోకి వెళ్తుందనే హుషారుకి భయం ఎటుపోయిందో కూడా తెలియలేదు.

ప్రింటింగ్ గది నేలమాళిగలో ఉంది. అక్కడి పెద్దాయనని అందరూ బాబాయ్ అంటారు. గులాబీ కాగితం అనగానే ఆయన మొహం చిట్లించాడు.

"ఎన్ని?"

"నూట నలభై, బాబాయ్. అరగంటలో."

"ఉన్నవి డెబ్బై. వచ్చే వారం దాకా రావు."

"అరపేజీయే కదా. ఒక్కో కాగితం మీద రెండేసి వేసి మధ్యకి కోసేద్దాం."

బాబాయ్ ఒకసారి కాగితాన్నీ, ఒకసారి జల్లెడనీ చూశాడు. "నీకు జల్లెడని ఎవరు పెట్టారో కానీ కత్తెర అని పెట్టుండాల్సింది." యంత్రంలో కాగితం సర్దుతూ ఎనిమిది వాక్యాలూ పైకి చదివాడు. సంతకం దగ్గర ఆగాడు. "ఇది నువ్వేనా?"

"నేనే."

"ముప్పై ఏళ్ళుగా వేస్తున్నానమ్మా ఈ గులాబీలు. ప్రతిదాన్లోనూ 'సాంకేతిక కారణాల వల్ల' అనే ఉంటుంది, కింద ఎవరిదో తెలియని గీత ఒకటి. మనిషి కనబడటం ఇదే మొదటిసారి."

యంత్రం గరగరలాడుతుంటే జల్లెడ అమ్మకి ఫోన్ చేసింది. డిపోలో టీ టైం.

"అమ్మా, మహారాణికి ఆ ప్రత్యేక బోధన ఎప్పుడో తెలుసా నీకు?"

"పదకొండింటికి. నువ్వే కదా పెట్టించావు."

"పదకొండంటే ఆట గంట. మూడేళ్ళుగా ఇది ఆడుకోలేదు."

అటువైపు బస్సు ఇంజన్ల చప్పుడు. అమ్మ అంది, "ఒకసారి దాన్ని అడిగి ఉంటే పోయేది కదే. ఇద్దరం కలిసి ఊరంతా తిరిగాం, ఇంట్లో ఉన్నదాన్ని అడగలేదు." తర్వాత, "ఇప్పుడేం చేస్తున్నావు?"

"దిద్దుతున్నా."

"అయితే ఫోన్ పెట్టెయ్, పని చూడు."

నూట నలభై గులాబీ ముక్కలు చేతుల్లో పట్టుకుని లిఫ్టు ఎక్కేసరికి లోపలి టీవీలో ముప్పై అని ఉంది. రెండో అంతస్తులో దిగేలోపే అంకె మారిపోయింది. జల్లెడ పరిగెత్తింది. చెల్లి వాకర్ చక్రాలు నున్నటి నేల మీద రయ్యిమంటూ వచ్చాయి. తలుపు దగ్గర మేడం అప్పటికే నిలబడి, లోపలికి చెయ్యి ఊపి అధ్యక్షురాలిని ఆపింది. సహాయకులు వరసల వెంట నడుస్తూ బల్ల బల్లకీ గులాబీ ముక్క పెట్టుకుంటూ పోయారు. హాలంతా ఒక్కసారి సద్దుమణిగింది. ఎక్కడ చూసినా వంగిన తలలే.

ముందుగా మూడో వరసలో ఒక చెయ్యి లేచింది. మెడలో తాడుతో కళ్ళజోడు వేలాడేసుకున్న పొడుగాటి ప్రతినిధి. జీవితమంతా లెక్కల శాఖలో పని చేసి వచ్చినాయన, ఈ ఐదు రోజుల్లో ఏ అంకెనీ ఊరికే వదల్లేదు.

"నిజాయితీగా ఒప్పుకున్నందుకు అభినందిస్తున్నాను," అన్నాడు. ఆయన మాట అందరి చెవుల్లోకీ వాళ్ళ వాళ్ళ భాషల్లో వెళ్తోంది. "కానీ ఒక సందేహం. పిల్లల చేతికి ఏది అందుబాటులో ఉంటే అది నొక్కుతారు. ఆ ఊయల బొమ్మ తెర మీద మొట్టమొదట ఉందేమో. అప్పుడు ఆరు వందలు కాదు, ఆరు వేలు వచ్చినా దానికి అర్థం లేదు."

అధ్యక్షురాలు మేడం వైపు చూసింది. మేడం మైకుని జల్లెడ ముందుకి జరిపింది.

జల్లెడ మైకులో మాట్లాడటం అదే మొదలు. "మంచి ప్రశ్నే సార్. నేనూ అదే అనుకుని చూశాను. పిల్లలకి పంపిన తెర మీద బొమ్మలన్నీ మా చెల్లి పలకలో ఉన్న వరసలోనే పెట్టాను. ఊయల మొదట్లో లేదు. రెండో పేజీలోకి వెళ్ళి, అక్కడ స్థలాలు అన్న గుంపు తెరిచి, దాన్లో వెతకాలి. కిటికీ ఇంకో గుంపులో ఉంటుంది. అన్నీ కలిపి ఆరు నొక్కులు. చేతికందింది నొక్కితే ఏనుగు వస్తుంది."

"చూపించగలరా?"

జల్లెడ చెల్లి వైపు వంగి, "నువ్వు చూపిస్తావా?" అని అడిగింది.

చెల్లి హాలు మొత్తాన్నీ ఒకసారి చూసింది. అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయి. పలక మీద నెమ్మదిగా రెండు నొక్కులు. "నేను. వద్దు." ఇంకాస్త ఆగి, పలకని జల్లెడ చేతిలోకి తోసి, గడ్డంతో మూడో వరస వైపు చూపించింది.

జల్లెడకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. నడుచుకుంటూ వెళ్ళి పలకని ఆ ప్రతినిధి ముందు పెట్టింది. "మీరే వెతకండి సార్."

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. నొక్కాడు.

"ఏనుగు," అంది పలక, వార్తలు చదివే గొంతుతో. అనువాదకుల గాజు గదుల్లోంచి అదే గంభీరంగా ఆరు భాషల్లో ఏనుగు అందరి చెవుల్లోకీ వెళ్ళింది.

ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మళ్ళీ నొక్కాడు. "దగ్గు." మళ్ళీ. "మా మేనత్త." ఈసారి నవ్వు రెండు మూడు వరసలకి పాకింది. పేజీ తిప్పబోయి మూసేశాడు. పక్క దేశం ఆవిడ వంగి సాయం చెయ్యబోయి 'సబ్బు' నొక్కింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, కానీ వదల్లేదు. పట్టు పట్టిన మనిషి. రెండో పేజీ, గుంపు, వెతుకులాట. హాల్లో నవ్వు తగ్గింది. అందరూ ఆయన వేలునే చూస్తున్నారు.

"ఊయల," అంది పలక చిట్టచివరికి.

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. కళ్ళజోడు తీసి వేలాడేశాడు. "నాకు నిమిషం నలభై సెకన్లు పట్టింది," అన్నాడు నెమ్మదిగా. "కిటికీ ఇంకా మిగిలే ఉంది. నా వేళ్ళు ఆరోగ్యంగానే ఉన్నాయి." గులాబీ ముక్కని మరోసారి చూశాడు. "ఇలా ఆరు వందల ఎనభై ఏడు మంది."

పలకని తనే తీసుకొచ్చి చెల్లి చేతికిచ్చాడు. చెల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ ఒక బొమ్మ నొక్కింది. ప్రత్యేక బోధన టీచరు రోజూ తనకి వినిపించే మాట అది, ఎందుకైనా పనికొస్తుందని దాచుకుంది.

"బాగా ప్రయత్నించావు. మళ్ళీ చేద్దాం."

హాలు హాలంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ పొడుగాయనే.

అధ్యక్షురాలు సుత్తి పిడితో బల్ల మీద తట్టింది. "మొదటి మూడింటికీ జవాబు ఉండాలని మనమే తీర్మానించుకున్నాం. ఇప్పుడు మూడోది మారింది. పుస్తకాల సంగతి పేరా పన్నెండులో ఎలాగూ ఉంది, దానికి ఢోకా లేదు. ఊయలకి జవాబు ఏది? ఆఫీసు ప్రతిపాదించకూడదు. ఏదైనా దేశం చెప్పాలి."

పొడుగాయన కూర్చోకముందే చెయ్యెత్తాడు. "పేరా ముప్పై ఒకటిలో తరగతి పాఠాలకూ, ఆట విరామానికీ అని చేర్చండి. అంతే."

"అభ్యంతరం ఎవరికైనా?"

ఎడమవైపు ఎవరో కాగితం తిప్పారు. వెనక ఎవరో దగ్గారు. మేడం చెయ్యి వచ్చి జల్లెడ మణికట్టుని పట్టుకుంది, గట్టిగా, నొప్పి పుట్టేలా. అధ్యక్షురాలు హాలు ఈ కొస నుంచి ఆ కొసదాకా చూపు తిప్పింది. తిప్పడానికి ఏడాది పట్టినట్టు అనిపించింది.

సుత్తి పడింది.

టీవీలో అంకె ముప్పై రెండుకి మారింది. మేడం చెయ్యి వదిలేసి, కళ్ళజోడు కోసం బల్లంతా తడుముకోవడం మొదలుపెట్టింది. "జుట్టులో ఉంది మేడం," అంది జల్లెడ. "నాకు తెలుసులే," అంది ఆవిడ. కళ్ళజోడు కోసం కాదు ఆ తడుముకోవడమని జల్లెడకి అర్థమైంది. కాసేపటికి ఆవిడే, "సోమవారం పైవాళ్ళు పిలిస్తే నేనూ వస్తాను. ఒక్కదానివే వెళ్ళకు," అంది.

నడవాలోకి రాగానే జల్లెడ ఫోన్ తీసింది. ఈ వాక్యం దేశాలు దాటి, శాఖలు దాటి, తన వీధి చివరి బడిదాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో దానికి తెలుసు. కానీ ఆ బడి ఫారం మీద టిక్కు పెట్టిన చెయ్యి ఇక్కడే ఉంది.

బడి గుమాస్తా ఎత్తాడు. "తరగతులు లేవండి ఇవాళ. వరండా అంతా నీళ్ళు. నేనొక్కణ్ణే ఉన్నాను, కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని."

"మా చెల్లి ప్రత్యేక బోధన టైం మార్చాలండి. ఆట గంటలో వద్దు."

కాగితాలు తిరగేసిన చప్పుడు. "మార్చొచ్చు. కానీ దాని బదులు ఏది మానేస్తుందో గడిలో రాయాలి. ఏం రాయమంటారు?"

పాటలు అనబోయింది జల్లెడ. నాలుక చివరిదాకా వచ్చింది. "ఒక్క నిమిషం ఆగండి, అడిగి చెప్తాను," అంది. "ఏం మానేస్తావే?"

చెల్లి వాకర్ కి చేరగిలబడి తీరిగ్గా ఆలోచించింది. మూడేళ్ళలో మొదటిసారి అడిగినందుకు ఆ మాత్రం దర్జా చూపించాల్సిందే. తర్వాత వేలు కదిలింది.

"పెద్ద సారు. మాటలు."

"హెడ్మాస్టర్ గారా? ఏం మాటలు?"

"పొద్దున్న," అంది పలక. "పెద్ద సారు. మాటలు." జల్లెడ నోరు తెరిచేలోపే మళ్ళీ, "పెద్ద సారు. మాటలు."

రోజూ పొద్దున్న పిల్లలందర్నీ నిలబెట్టి హెడ్మాస్టర్ ఇచ్చే అరగంట ఉపన్యాసం. అవే బొమ్మలు, మూడు సార్లు. తన పాత ప్రోగ్రాము అయితే ఈపాటికి తీసి అవతల పారేసేది.

"విన్నారుగా," అంది జల్లెడ ఫోన్లో.

గుమాస్తా గొంతు బాగా తగ్గించి, ఎవరూ లేని ఆఫీసులో ఎవరైనా వింటారేమోనన్నట్టు, "అది పాఠం కాదండీ అసలు," అన్నాడు. "కానీ గడిలో పడుతుంది. రాసేస్తున్నాను. సోమవారం నుంచి." కలం గీసిన చప్పుడైంది. "ఈ గడి మాకు కూడా ఉంటే బావుండేది."

జల్లెడ ఫోన్ జేబులో పెట్టుకుంది. చెల్లి అప్పటికే వాకర్ తిప్పి లిఫ్టు వైపు బయల్దేరింది.

"కోతి," అంది పలక, నడవా సగం దాటాక. "ఆకలి."